ఈమధ్య విని ముగించిన ఆడియో పుస్తకాలు, వాటిని చదివిన గొంతులు

ఇటీవల విని పూర్తిచేసిన ఆడియో పుస్తకాలు ఏవి, చదివినవారి గొంతు వాటికి మేలు చేసిందా కీడు చేసిందా, రోజూ ప్రయాణం చేసేవారు వేటితో మొదలుపెడితే బాగుంటుంది అని అడిగారు. నేను విజయవాడలో ఉంటూ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. బస్సు దొరికితే బస్సులో, లేకపోతే ప్యాసింజరు రైల్లో పోయివస్తుంటాను. నా వినికిడి చాలావరకు ఆ దారిలోనే సాగుతుంది కనుక నా అభిప్రాయాలలో ఇంజను మోతకు, హారన్లకు కూడా కొంత వాటా ఉందని గమనించగలరు.

నాకు తోచిన అసలు సంగతి ముందే చెబుతాను. మంచి గొంతు ఉన్నవారందరూ మంచిగా చదవలేరు. వాక్యం ఎక్కడికి పోయి ఆగుతుందో ముందే చూసుకుని చదివేవారే వినేవాడిని కడదాకా కూర్చోబెట్టగలరు. ఏ భాషలోనైనా ఇది అవసరమే కానీ తెలుగులో దీని అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివరికి గానీ రాదు. “రేపటి నుంచి మా గడప తొక్కవద్దు అని రామయ్యతో చెప్పి రమ్మని సీతమ్మ కొడుకును పంపింది” అనే వాక్యాన్ని తీసుకోండి. కాగితం మీదైతే కన్ను ఒక్క చూపులో వాక్యమంతటినీ చుట్టి వస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. ఆ కోపం సీతమ్మదని తెలిసేసరికి కోపపు మాటలు అయిపోయి ఉంటాయి. చదివేవారు వాక్యం చివర ఎవరున్నారో ముందుగా చూసుకుని, మొదటి మాటలోనే ఆమె కోపాన్ని పలికిస్తే మనకు తికమక ఉండదు. చూసుకోకుండా చదివితే మాటలన్నీ ఎవరివో తెలియకుండా గాలిలో వేలాడి, చివర “పంపింది” అన్నప్పుడు మనం వెనక్కి వెళ్లి మళ్లీ అతికించుకోవలసి వస్తుంది. ఆంగ్ల నవలల్లో సంభాషణ మొదటి ముక్క కాగానే “అన్నది ఫలానా” అని చెప్పేసి మిగిలిన మాటలు తరువాత నడిపించే అలవాటు ఉంది కనుక అక్కడ చదివేవారి పని కొంత తేలిక.

ఈ తేడా నాకు బాగా తెలిసింది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ వింటున్నప్పుడు. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరి దారి పొడుగునా పడే అవస్థలను తానే చెప్పుకుంటూ పోయే కథ కనుక ఇది చెవి కోసమే రాశారా అనిపిస్తుంది. ఒక మనిషి మన పక్క సీట్లో కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. ఒకే పుస్తకానికి ఇద్దరు వేరువేరు వ్యక్తులు చేసిన పఠనాలు విన్నాను. మొదటివారి గొంతు చక్కగా ఉంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంది, కానీ హాస్యం వచ్చిన ప్రతిచోటా ఆయనే ముందుగా నవ్వుతారు. పార్వతీశం ఆడవారి టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకునే ఘట్టంలో ఆ నవ్వు మరీ ఎక్కువై, ఇక మనం నవ్వవలసిన అవసరమే లేకుండా పోతుంది. పార్వతీశానికి తాను నవ్వులపాలవుతున్నట్టు తెలియదు, తన మటుకు తాను చాలా గంభీరమైన పని మీద పోతున్నాడు. ఆ గాంభీర్యం చెడకుండా చదివితేనే పుస్తకం పండుతుంది. రెండవవారు సరిగ్గా అదే చేశారు. ఆయన గొంతులో ప్రత్యేకత ఏమీ లేదు, కొంచెం ముక్కుతో పలికే అలవాటు కూడా ఉంది, అయినా ప్రతి అవమానాన్నీ తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటున్నంత శ్రద్ధగా చదువుకుంటూ పోయారు. మంగళగిరి దగ్గర నేను ఆపుకోలేక గట్టిగా నవ్వితే ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి, “ఏం బాబూ, ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగారు.

తరువాత విన్నది ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. గుంటూరువారికి ఆ పేరు కొత్త కాదు. బాలికల చదువు కోసం ఆయన నెలకొల్పిన శారదా నికేతనం ఈ ఊరిలోనే ఉంది. రాయవెల్లూరు జైలులో ఉండగా రాసిన ఈ నవల 1922లో అచ్చయింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. నేను విన్నది ఎవరో ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని రికార్డు చేసి ఇంటర్నెట్టులో పెట్టిన పఠనం. ఫ్యాను చప్పుడు వినబడుతుంది, ఒకచోట కోడి కూడా కూస్తుంది. ఆ నవలకు ఆ కోడి అంతగా అడ్డు కాలేదని చెప్పాలి. చదివిన ఆవిడది గుంటూరు ప్రాంతపు పలుకుబడి. అందువల్ల పాత్రల సంభాషణలు ఎక్కడా పుస్తకంలోంచి వస్తున్నట్టు ఉండవు. “ఏంది”, “వస్తన్నాడు” వంటి పలుకులను ఎగతాళిగా వినిపించకుండా, సంస్కరించి ‘శుద్ధి’ చేయకుండా, ఆ మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే పలికారు. స్టూడియోలో శిక్షణ పొందినవారిలో చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారని నా అనుభవం. పల్లె మాట రాగానే సినిమాలో హాస్య పాత్రధారి గొంతు తెచ్చిపెట్టుకుంటారు. అప్పుడు మనిషి పోయి వెక్కిరింత మిగులుతుంది.

అయితే ‘మాలపల్లి’ని వినడం అంత తేలిక కాదు. అందులో రామదాసు అనే పాత్ర చేసే వేదాంత చర్చలు పేజీల కొద్దీ సాగుతాయి. పుస్తకం చేతిలో ఉంటే ఒక పేరా దగ్గర ఆగి ఆలోచించి ముందుకు పోవచ్చు. వింటున్నప్పుడు కాజ టోల్‌గేటు దగ్గర బస్సు ఒక్క కుదుపు ఇస్తే తర్కం తెగిపోతుంది. ఆవిడ ఈ భాగాలలో వేగం తగ్గించి, ప్రశ్నకు సమాధానానికి నడుమ ఒక క్షణం ఖాళీ వదిలారు. అది నన్ను చాలాచోట్ల కాపాడింది. పాటల విషయంలో మాత్రం నాకు ఎటూ తేలలేదు. నవలలో వచ్చే చరమగీతాన్ని ఆవిడ పాడలేదు, చదివారు, అదీ లయ తప్పకుండా, రాగం లేకుండా. పాడి ఉంటే బాగుండేదని మొదట అనిపించింది. కానీ పాడడం చేతకానివారు పాడితే ఏమవుతుందో ఇతర పుస్తకాలలో విని ఉన్నాను కనుక ఆవిడ నిర్ణయం వివేకమైనదే అని ఇప్పుడు అనుకుంటున్నాను.

‘కన్యాశుల్కం’ గురించి ఎక్కువ చెప్పను. నాటకాన్ని ఒక్కరే చదవడం దాదాపు అసాధ్యమైన పని. ప్రతి మాటకు ముందు “గిరీశం”, “వెంకటేశం”, “గిరీశం” అని పేర్లు చదువుతూ పోతే అది హాజరు పట్టీలా తయారవుతుంది. పేర్లు వదిలేస్తే ఎవరు ఏమన్నారో తెలియదు. నేను విన్న పఠనంలో పేర్లను పూర్తిగా చదివారు, మధురవాణి కోసం గొంతు సన్నం చేశారు, నేను మొదటి అంకం దాటలేకపోయాను. నాటకాన్ని వినాలనుకునేవారు పలువురు నటులు కలిసి చేసిన రేడియో నాటకాన్నే వెతుక్కోవడం మంచిది.

ఆంగ్లంలో ఈమధ్య ముగించినవి రెండు. ట్రెవర్ నోవా ఆత్మకథ ‘బార్న్ ఎ క్రైమ్’ను రచయితే చదివారు, సుమారు ఎనిమిది ముప్పావు గంటల పుస్తకం. నల్లజాతి తల్లికి, తెల్లజాతి తండ్రికి బిడ్డ పుట్టడమే దక్షిణాఫ్రికాలో నేరమైన కాలంలో 1984లో పుట్టిన మనిషి కథ ఇది. భాష ఈ కథలో ప్రాణం కాపాడే వస్తువు. ఒకచోట కొందరు కుర్రాళ్లు తనను దోచుకోవాలని జూలూ భాషలో మాట్లాడుకుంటూ వెంట వస్తుంటే, ఆయన వెనుదిరిగి అదే భాషలో వారిని పలకరిస్తాడు. వాళ్లు తమవాడే అనుకుని సర్దుకుంటారు. అచ్చు పుస్తకంలో ఆ జూలూ మాటలను కన్ను దాటవేసి పోతుంది. వింటున్నప్పుడు మాత్రం ఆంగ్లం నడుస్తూ నడుస్తూ ఆ భాషలోకి ఎంత సులువుగా మళ్లిందో తెలిసి, ఆ కుర్రాళ్లు ఎందుకు నమ్మారో మనకూ తెలిసిపోతుంది. వేరొక నటుడు ఎంత సాధన చేసినా ఆ సులువు వస్తుందని నేను అనుకోను. తల్లి గురించిన చివరి అధ్యాయంలో ఎంతో దుఃఖం ఉంది. ఆయన వృత్తిరీత్యా హాస్యగాడు, వేదిక మీద జనాన్ని ఆడించడం తెలిసినవాడు, అయినా అక్కడ గొంతును ఆడించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయాడు. రచయితలే చదివిన పుస్తకాలన్నీ ఇలాగే ఉంటాయని భ్రమపడవద్దు. రాయడం, చదవడం రెండు వేరు విద్యలు. తన కథలను తానే చదివి వాటి గొంతు నులిమిన తెలుగు రచయితలను సభలలో చాలామందిని చూశాం.

రెండవది ఆండీ వీర్ రాయగా 2021లో వెలువడిన ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’, చదివినవారు రే పోర్టర్. పదహారు గంటలు దాటిన పుస్తకం; 2022లో ఆడియో పుస్తకాలకు ఇచ్చే ఆడీ అవార్డులలో ఆ ఏటి ఉత్తమ పుస్తకంగా ఎంపికైంది. ఇందులో ఒక పాత్ర సంగీత స్వరాలతో మాట్లాడుతుంది. అచ్చులో అక్కడ సంగీత చిహ్నాలు వేసి ఊరుకున్నారు, ఆడియోలో ఆ స్వరాలనే వినిపించారు. సాధారణంగా పఠనంలో అదనపు శబ్దాలు చేర్చడం నాకు గిట్టదు. ఇక్కడ మాత్రం కథే ఆ శబ్దాన్ని అడుగుతున్నది కనుక అభ్యంతరం లేదు. ఇంతకన్నా చెబితే మీరు వినబోయే కథ చెడిపోతుంది.

అభ్యంతరం ఎక్కడో కూడా చెప్పాలి. తెలుగు యాప్‌లలో దొరికే కొన్ని పుస్తకాలకు అధ్యాయమంతా వేణువో వీణో వెనుక నుంచి మోగుతూనే ఉంటుంది. బస్సులో ఇప్పటికే ఇంజను ఉంది, కండక్టరు విజిలు ఉంది, పక్కవారి ఫోనులో రీళ్లు ఉన్నాయి. వీటికి తోడు వేణువును కూడా దాటుకుని మాట మన చెవికి చేరాలి. మరీ లోతైన, మంద్రమైన గొంతుల సంగతీ ఇంతే. ఇంట్లో విన్నప్పుడు హాయిగా ఉంటాయి, బస్సులో ఇంజను మోతలో కలిసిపోతాయి. రైలు కృష్ణ వంతెన మీదికి రాగానే ఏ గొంతైనా ఓడిపోతుంది కాబట్టి నేను అక్కడ ఆపుకుని, వంతెన దాటాక మళ్లీ పెట్టుకుంటాను.

ఉచ్చారణ విషయంలో నాకు కొంత చాదస్తం ఉంది. ‘చాప’లోని చకారం, ‘చేప’లోని చకారం మన నోట ఒకటి కావు, ‘జాలి’, ‘జీతం’ సంగతీ అంతే. మొదటివాటిలో నాలుక పళ్లను తాకుతుంది. లిపిలో ఈ తేడా ఇప్పుడు ఎవరూ చూపడం లేదు కనుక కళ్లతో మాత్రమే తెలుగు నేర్చినవారు రెండింటినీ ఒకేలా పలుకుతారు. ఒకసారి విన్నా పట్టించుకోనివారు ఉంటారు, నాకు మాత్రం అన్నంలో రాయిలా తగులుతుంది. ఇక వేగం. ఆంగ్ల పుస్తకాలను ఒకటింపావు వేగంతో పెట్టుకుని సుఖంగానే వింటాను. తెలుగుకు వచ్చేసరికి ఆ పని చేయలేను. హ్రస్వానికి దీర్ఘానికి, ఒంటి హల్లుకు ద్విత్వానికి ఉన్న తేడాలోనే మన అర్థమంతా ఉంది; వేగం పెంచితే నా చెవికి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

పటమటలో ఉండే మా పెద్దమ్మకు చూపు తగ్గినప్పటి నుంచి ఆవిడ కూడా ఈ పుస్తకాలు వింటోంది. ఆవిడ తీర్పులు నా కన్నా కఠినం. ఒక యాప్‌లోని పేరున్న నవల పెట్టి వినిపిస్తే రెండు నిమిషాలు విని, “ఏరా, ఇతను కథ చెబుతున్నాడా, వార్తలు చదువుతున్నాడా?” అంది. ఆవిడ కొలమానం అంతా రేడియోలో తయారైంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ చుట్టుపక్కల ఊళ్లవారికి వినడం నేర్పిన బడి. అందులో ఉషశ్రీగారు రామాయణ భారతాలను చెప్పిన తీరు, ధర్మసందేహాలకు జవాబులిచ్చిన తీరు పెద్దమ్మ తరానికి ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఆయన గొంతులో గాంభీర్యం ఉండేదని అందరూ అంటారు. పాత రికార్డులు వింటుంటే నాకు ఎక్కువగా తట్టేది ఆయన ఎక్కడ ఆపేవారన్నది. ఎంత పెద్ద వాక్యమైనా ముఖ్యమైన మాటకు ముందు ఆగి, ఎదుటివాడు చెవి ఒగ్గాడని తెలిసినట్టే ఆ మాట వదిలేవారు. ఇప్పుడు చదువుతున్నవారిలో చాలామంది కామా ఉన్నచోట, ఊపిరి అయిపోయినచోట ఆగుతున్నారు.

ఎంచుకోవడం ఎలా అని మీకు సందేహం ఉంటే ఒక పని చేయండి. నమూనాగా ఇచ్చే మొదటి అయిదు నిమిషాలను నమ్మవద్దు, అక్కడ అందరూ జాగ్రత్తగానే చదువుతారు. వీలుంటే పుస్తకం నడుమకు జరిపి, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే చోటు పట్టుకుని, “అన్నాడు”, “అన్నది” వచ్చేలోపే ఎవరు మాట్లాడుతున్నారో మీకు తెలుస్తున్నదా లేదా చూసుకోండి. తెలిస్తే కొనండి.

రోజూ ప్రయాణంలో వినడానికైతే ‘బారిస్టర్ పార్వతీశం’తో మొదలుపెట్టమని చెబుతాను. చిన్న చిన్న ఘట్టాలుగా ఉంటుంది కనుక దిగవలసిన స్టాపు వచ్చినా కథ మధ్యలో తెగదు. ‘మాలపల్లి’ని సెలవు రోజున ఇంట్లోనే, వీలైతే పుస్తకం కూడా దగ్గర పెట్టుకుని వినండి, విజయవాడలో పాత పుస్తకాల కొట్లు ఉన్న లెనిన్ సెంటరులో అడిగిచూడండి, ఏదో ఒక ముద్రణ దొరికే అవకాశం ఉంది. ఆంగ్లం ఇబ్బంది లేకపోతే ట్రెవర్ నోవాను బస్సులోనే వినవచ్చు. ఆయన గొంతు ఏ హారన్‌కూ లొంగదు.