కౌన్సెలింగుకు వెళ్తున్న బిడ్డకు

బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం నుంచి కౌన్సెలింగుకు వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. అంత దాచవలసిన పనేమీ లేదు. మీ పెద్దనాన్న కాలం చేసిన ఏడాది నేను కూడా నల్లగొండ నుంచి వారం వారం ఎల్బీనగర్ వెళ్లి ఒక మేడం ముందు కూర్చున్నదాన్నే.

మొదటి మూడు వారాలు కోడలి ఉద్యోగం, మోకాళ్ల నొప్పులు, పెన్షన్ కాగితాలతోనే నా ముప్పావుగంట గడిచిపోయింది. నాలుగో వారం లేచి చెప్పుల్లో కాలు పెడుతూ, ఆ రాత్రి ఆయన ఛాతీలో మంట అంటే గ్యాస్ గోలీ ఇచ్చి పడుకోబెట్టింది నేనేనని అన్నాను. ఆమె, "వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం" అన్నారు. ఆ వారం గడవడం నాకు గండమైంది. జవాబు వినకుండా వెళ్లిపోయే వీలుంటుంది గనుక అసలు మాట గుమ్మం దగ్గరే బయటికి వస్తుంది. అప్పటి నుంచి బస్సు చిట్యాల దాటగానే, ఎవరికీ చెప్పుకోలేని మాట ఒక్కటి టికెట్ వెనుక రాసుకుని, కూర్చోగానే అదే ముందు చదివేదాన్ని.

తలూపడం మనకు అలవాటు. నలుగురిలో కలవమంటే "సరే మేడం" అని వచ్చి, వారమంతా గడప దాటలేదు. కుదరని సలహాను కుదరదని నీ కౌన్సెలరుకే చెప్పు. ఎందుకు కుదరదో మాట్లాడుకోవడమే అక్కడి పని. ఆమె మాట నొప్పించినా దాచుకోకు. కొన్ని సార్లు వెళ్లాక కూడా నోరు విప్పబుద్ధి కాకపోతే మొహమాటపడకుండా మనిషిని మార్చుకో.

నిద్ర, ఏడుపు ఏ వేళకు వచ్చాయో రాయమంటే ఆ రోజుకు ఆ రోజే రాయి. పిల్లల హోంవర్కులు ఏళ్ల తరబడి దిద్దిన నేనే, వారం లెక్కంతా బస్సులో కూర్చుని ఒక్కసారే నింపి దొరికిపోయాను.

మందులు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. తేలికపడగానే సొంతంగా మానేయకు. నీ వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలే అందుకు మినహాయింపు. కనుక మీ అమ్మ గుచ్చి అడిగినా అన్నీ అప్పజెప్పనక్కరలేదు. ఏ రాత్రయినా భరించలేననిపిస్తే శనివారం దాకా ఆగకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

అన్నట్టు, సెషన్ ఉన్న రోజు సాయంత్రం ఫంక్షన్లు పెట్టుకోకు. నేనైతే ఎల్బీనగర్‌లో ఒక చాయ్ తాగి, గుర్తున్న నాలుగు ముక్కలు రాసుకున్నాకే నల్లగొండ బస్సు ఎక్కేదాన్ని.

నీ పెద్దమ్మ