ఆ ‘కుడి’ గురించి రాయి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి టీచరమ్మకు ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘నేటి విద్యావిధానం - సవాళ్లు’ అని పేరు పెట్టావు. నాలుగు పేజీలు, భాష శుభ్రంగా ఉంది. కానీ అమ్మా, ఆ నాలుగు పేజీల్లో ఒక్క పిల్లాడు కూడా కనిపించలేదు. బల్ల లేదు, సుద్దముక్క లేదు. పెరంబూరు బడిలో రోజూ పాఠం చెప్పే మనిషి రాసిందని ఎక్కడా తెలియలేదు.

దాంతో పాటు పెట్టిన ఉత్తరం చివర మాత్రం ఒక మాట రాశావు. మూడో తరగతి పిల్లాడు ‘మేము కుడికి పోయి దండం పెట్టుకున్నాం’ అని రాశాడనీ, ఇలాంటివి ఎర్ర సిరాతో దిద్దీ దిద్దీ విసుగొస్తోందనీ. నువ్వు రాయాల్సింది దాని గురించే.

ఎందుకో చెబుతాను. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ ఒకటే, ప, బ లకూ అంతే. గాంధీ అన్నా కాంతి అన్నా తమిళంలో రాత ఒకటే. ఎక్కడ ఎలా పలకాలో చదివేవాళ్లకు అలవాటు మీద తెలుస్తుంది. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో బడి పిల్లలకు ఒకటో తరగతి నుంచే తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు వింటూ, వీధిలో తమిళం మాట్లాడుతూ, ముందు ఆ అక్షరాలే దిద్దిన పిల్లాడికి గుడిని ‘కుడి’ అని రాస్తే తప్పనిపించదు. వాడిది అజాగ్రత్త కాదు. తనకు బాగా తెలిసిన ఒక పద్ధతినే తెలుగులోనూ పాటిస్తున్నాడు. విజయవాడ టీచరుకు ఈ ‘కుడి’ ఎదురుపడే అవకాశం తక్కువ. హోసూరులోనో జార్జిటౌన్‌లోనో తెలుగు చెప్పే ఇంకో టీచరు మాత్రం నీ రాత చదివి, అప్పటికే దిద్దేసిన నోటుబుక్కుల దొంతర మళ్లీ ముందేసుకుంటుంది. ఆమె కోసం రాయి.

వాడు రాసింది వాడు రాసినట్టే దించు. నువ్వు మొదట ఏమన్నావో, మర్నాడు ఏం చేశావో రాయి. క కు అదరని గొంతు గ కు అదురుతుందని చూపించడానికి, గొంతు మీద వేలు పెట్టించి క, గ పలికించావనుకో. రెండింటిలోనూ ‘అ’ ఉంది కాబట్టి రెండింటికీ గొంతు అదురుతుంది, పిల్లాడు తికమకపడతాడు. అది కూడా రాయి. పని చేయని ఉపాయం ముందే తెలిస్తే అవతలి టీచరుకు ఒక పీరియడ్ మిగులుతుంది. మనవాళ్లు గెలిచిన పాఠాలే రాస్తారు, అందుకే అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులు. అక్కడి సవర గిరిజనుల భాష వినిపిస్తే, వాళ్లకు తెలుగు రాదని ఊరుకోకుండా ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, వాళ్లకు బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో ఈ మద్రాసులోనే అచ్చయింది. పిల్లల నోట ఉన్న మాట దగ్గర మొదలుపెట్టిన పంతులు ఎంత దూరం వెళ్లగలడో ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

ఇక ఒక బాధ చెప్పుకోవాలి. నేనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పాను. ఆ రోజుల్లో ఒక అమ్మాయి గురించి, తాగి వచ్చే వాళ్ల నాన్న గురించి ఒక పత్రికకు రాశాను. పేరు మార్చాను, అది చాలనుకున్నాను. వీధి, తండ్రి చేసే పని, ఆ అమ్మాయి జడకు కట్టుకొచ్చే రిబ్బను రంగు అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. వారం తిరక్కుండా క్లాసంతా పోల్చుకుంది. ఆ అమ్మాయి నాతో మళ్లీ మాట్లాడలేదు. రచన బాగుందని చాలామంది మెచ్చుకున్నారు, ఆ మెప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి పేరొక్కటీ మార్చి ఊరుకోకు. ఇంటి సంగతులు అసలు వద్దు. పాఠానికి సంబంధించిన పొరపాటు చాలు. ఫొటోలు వద్దు, బడి పేరు కనిపించే యూనిఫాం అంతకన్నా వద్దు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచి, ఆ పిల్లాడు పాతికేళ్లవాడై చదివినా తలదించుకోకూడదు. ఎవరైనా పిల్లలు తమకు జరిగిన హాని నీతో చెప్పుకుంటే అది రాయడానికి విషయమే కాదు. వెంటనే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యి.

మీ హెడ్‌మిస్ట్రెస్ గారికి ముందే చెప్పు. తర్వాత తెలిస్తే అనవసరమైన టెన్షన్. పదిహేను రోజులకు ఒకటి రాస్తే చాలు, కానీ జరిగిన రోజే రెండు వాక్యాలు గీసిపెట్టుకో. స్టాఫ్ రూంలో కుదరకపోతే రైల్లో. రేపటికి పిల్లాడి మాట పోయి నీ మాట మిగులుతుంది.

ఆదివారం వస్తావుగా. ‘కుడి’ ఉన్న ఆ పేజీలో వాక్యాలు నీ చేత్తో దించుకుని తీసుకురా. నోటుబుక్కు తేవద్దు, దాని అట్ట మీద పిల్లాడి పేరు ఉంటుంది.