గుండు చెదిరితే గుడ్డను చూడండి

ప్రశ్న: నాది 50 క్యాలిబర్ మజిల్ లోడర్ రైఫిల్ (మందు, గుండు గొట్టం మూతిలోంచే కూరేది), పెర్కషన్ క్యాప్‌తో, అంటే దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న లోహపు టోపీతో పేలేది. 0.490 అంగుళాల సీసపు గుండు, 70 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందు కొలిచే చిన్న కొలత) తుపాకీ మందు వాడుతున్నాను. 50 గజాల దూరంలో అయిదు దెబ్బలూ ఆరంగుళాల మేర చెదురుతున్నాయి. మందు పెంచాలా?
– ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా

జవాబు: పెంచకండి, 50 గ్రెయిన్లకు దిగండి. అంతకంటే ముందు గుండుకు చుట్టి గొట్టంలోకి దింపే గుడ్డ సంగతి చూడాలి. కాల్పులు ఆపించాక ముందుకెళ్లి, గొట్టం మూతికి అయిదారు గజాల్లో నేలమీద పడిన గుడ్డ ముక్కలు ఏరుకు రండి. అంచులు కాస్త చీరుకుపోయి, మధ్యలో నల్లటి మచ్చతో గుడ్డ గట్టిగా ఉంటే మంచిదే. నడిమి కాలి చిల్లు పడితే గుడ్డ పలచన, లేదా దానికి రాసిన కొవ్వు చాల్లేదు. బ్లేడుతో కోసినట్టు గీతలుంటే గొట్టం మూతి అంచో, గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ల అంచులో పదునుగా ఉన్నాయని అర్థం. అది మందు మార్చితే తీరే జబ్బు కాదు.

లెక్క చూడండి. 0.490 గుండుకు రెండు వైపులా 0.015 మందం గుడ్డ చేరితే 0.520. గొట్టం లోపలి కొలత 0.500. ఆ తేడా మేరకు గుడ్డ నొక్కుకుని గాళ్లలోకి దిగాలి. బొటనవేలితో తోస్తే జారిపోయేంత వదులైతే 0.018 గుడ్డ వేసి చూడండి. నేత దట్టంగా ఉన్న నూలుగుడ్డే వాడండి, పాలియెస్టర్ కలిసింది కరిగి అంటుకుంటుంది.

గుడ్డ కుదిరాక 50 నుంచి 5 గ్రెయిన్ల చొప్పున ఎక్కండి, ప్రతి మెట్టు దగ్గరా అయిదు గుళ్లు. తయారీదారు పుస్తకంలో రాసిన పైహద్దు దాటవద్దు. మందు, గుడ్డ, గుండు మూడింటిలో ఒకసారికి ఒకటే మార్చాలి. మందును సీసాలోంచి నేరుగా గొట్టంలోకి వంపకండి. కొలపాత్రలో పోసి వంపండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే ఆ మంట సీసాకే ఎక్కుతుంది. ఇక పొగరాని ఆధునిక మందు వాడితే గొట్టమే పగులుతుంది. అమెరికా మందు డబ్బాలమీద పలుకు సైజు తెలిపేలా రెండు ఎఫ్‌లు, మూడు ఎఫ్‌లు అని ఉంటుంది. మూడు ఎఫ్‌లది సన్ననిది, త్వరగా మండుతుంది, కాబట్టి కొంత తగ్గించి మొదలుపెట్టండి.

ప్రతి దెబ్బకీ మధ్య గొట్టం లోపల తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. మసి పేరుకుంటే గుండు మధ్యలోనే ఆగిపోతుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండగా పేల్చారా, గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు. అందుకే గుండు మందుమీద కూర్చున్నప్పుడు కూరే కడ్డీమీద గొట్టం మూతి దగ్గర ఒక గీత గీసుకోండి. గీత మూతికి పైన కనిపిస్తే క్యాప్ పెట్టవద్దు.