జిప్సీ పొంగింది సరే, పొంగింది మళ్ళీ వెనక్కి వెళ్ళిందా?

ప్రశ్న: సార్, నా దగ్గర 2004 మారుతీ జిప్సీ కింగ్ జీపు ఉంది, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాదు, పెట్రోలు ఇంజెక్షన్‌ది). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఊళ్ళో తిరిగినంతసేపు ఏ గొడవా లేదు. మారేడుమిల్లి నుంచి గుడిస కొండ ఎక్కించి పైన ఆపగానే రిజర్వ్ బాటిల్ నిండిపోయి కూలెంట్ కింద కారిపోతోంది. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్య గీత దాటదు. తెల్లారి చూస్తే బాటిల్ నిండుగానే ఉంటోంది, రేడియేటర్ మూత తీస్తే లోపల రెండు వేళ్ళ మేర ఖాళీ. పై హోస్ మామూలుగానే ఉంటోంది, నొక్కుకుపోలేదు. కొత్త రేడియేటర్ వేయించాను, అయినా అంతే. ఇప్పుడు మెకానిక్ హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాలంటున్నాడు. దించమంటారా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆగండి, హెడ్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. కొత్త రేడియేటర్ ఖర్చు ఎలాగూ అయిపోయింది, దాని గురించి నేనేమీ అనను. కానీ మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్క బాటిల్ పొంగడం గురించి కాదు, తెల్లారాక కూడా అది నిండుగానే ఉండి రేడియేటర్‌లో ఖాళీ కనిపించడం గురించి. చాలామంది ఆ ఉదయం సంగతి చూడనే చూడరు.

వేడెక్కితే కూలెంట్ వ్యాకోచిస్తుంది. అయిదు లీటర్లు పట్టే బండిలో సుమారు పావు లీటరు పెరుగుతుంది. ఆ పెరిగింది రేడియేటర్ మూతలోని పెద్ద స్ప్రింగు వాల్వును తోసుకుని, సన్న పైపులోంచి బాటిల్‌లోకి వెళ్తుంది. ఇంజిన్ చల్లారాక లోపల వ్యాక్యూమ్ ఏర్పడి, మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని, వెళ్ళినదంతా మళ్ళీ రేడియేటర్‌లోకి రావాలి. అంటే వేడి మీద బాటిల్ కొంచెం నిండడం జబ్బు కాదు. చల్లారాక వెనక్కి రాకపోవడమే జబ్బు. వెనక్కి రాకపోతే రేడియేటర్‌లో ఆ మేరకు గాలి చేరుతుంది, మీరు పైనుంచి మళ్ళీ నింపుతారు, మరుసటి ట్రిప్పులో ఇంకో పావు లీటరు బాటిల్‌లోకి పోతుంది, అది అప్పటికే నిండి ఉంది కాబట్టి రోడ్డు మీద పడుతుంది.

మూతలో చిన్న వాల్వు బిగుసుకుపోయినా, సన్న పైపు మూసుకుపోయినా ఉదయానికి పై హోస్ పిండేసినట్టు నొక్కుకుపోయి కనిపించాలి. మీది మామూలుగానే ఉందన్నారు. కాబట్టి లోపలికి ఏదో ఒకటి వస్తోంది, కూలెంట్‌కి బదులు గాలి వస్తోంది. లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పల్చటి సీలు) దగ్గర సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి దూరి కూలెంట్‌ను బయటికి తోసేస్తోంది. అనుమానం ఈ రెండింటి మీదే. మొదటిది వందల్లో తేలుతుంది, రెండోది వేలల్లో, కాబట్టి మొదటిదే ముందు చూద్దాం.

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీయండి. వేడి మీద మాత్రం ఎంత గుడ్డ చుట్టినా సరే తీయొద్దు, మొహం మీదికి చిమ్ముతుంది. మూతలో రెండు రబ్బర్లుంటాయి. కింది రబ్బరునే అందరూ చూస్తారు, పైన మూత అంచుకు ఆనుకుని ఉండే పల్చటి రబ్బరును ఎవరూ పట్టించుకోరు. అది గట్టిపడినా, పగిలినా వెనక్కి లాగేటప్పుడు గాలి అక్కణ్ణుంచే దూరుతుంది. మధ్యలోని చిన్న వాల్వును గోటితో లాగి వదలండి, టక్కున మూసుకోవాలి. రేడియేటర్ మూతి మీద తెల్లటి సున్నపు పొర ఉంటే గీకి శుభ్రం చేయండి. తర్వాత సన్న పైపు. క్లిప్పు కింద చిన్న చీలిక ఉంటుంది, వంచితే గానీ కనబడదు. ఆ పైపు బాటిల్‌లో అడుగుదాకా దిగిందా అన్నది మరీ ముఖ్యం. పాత జిప్సీల్లో అసలు బాటిల్ పగిలిపోతే ఏదో ఒక ప్లాస్టిక్ బాటిల్ తగిలించి పైపును మెడ దాకా దూర్చి వదిలేస్తుంటారు. చివర నీళ్ళలో మునగకపోతే అది పీల్చేది గాలినే.

మూత మారుస్తే మాన్యువల్‌లో ఉన్న ప్రెషర్‌దే వేయండి. జిప్సీకి మామూలుగా 0.9 అని మూత మీదే ఉంటుంది. ఆ ప్రెషర్ నిలిస్తే ఉత్త నీళ్ళు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత బలహీనమైతే ఈ వెసులుబాటంతా పోయి, ఘాట్ మీద ముందే మరిగి పొంగుతుంది. అలాగని ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే బాగుంటుందనుకోవద్దు, పాత హోసులు, హీటర్ పైపులు ఆ ప్రెషర్‌కి ఊడొస్తాయి.

ఇవన్నీ బాగానే ఉన్నాయా? అప్పుడు గ్యాసు సంగతి. చల్లటి ఇంజిన్‌లో రేడియేటర్ నిండా పోసి, మూత పెట్టి, బాటిల్ దగ్గర పైపు ఊడదీసి దాని చివరను నీళ్ళున్న గ్లాసులో ముంచండి. స్టార్ట్ చేసి, వేడెక్కే దాకా ఉంచి, మధ్యమధ్యలో కాస్త రేస్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే, ఆగకుండా అదే పనిగా వస్తుంటే గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, రేడియేటర్ ఇంకా చల్లగా ఉండగా పై హోస్ రాయిలా గట్టిపడినా అదే లెక్క. షెడ్డులో నీలం రంగు ద్రవంతో చేసే లీక్ టెస్ట్ ఉంటుంది, గ్యాసు తగిలితే పసుపు రంగుకి మారుతుంది. హెడ్ దించే ముందు మెకానిక్‌ని ఆ టెస్ట్ చేయమనండి, చేయనంటే ఇంకో షెడ్డు చూసుకోండి. జిప్సీ కింగ్ 1298 సీసీ ఇంజిన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, ఒకసారి గట్టిగా మరిగితే హెడ్ వంగుతుంది. గ్యాస్కెట్ లీకేనని టెస్ట్‌లో తేలితే మాత్రం హెడ్ పని ఇక వాయిదా వేయకండి.

మరి ఊళ్ళో రానిది కొండ మీదే ఎందుకంటే, గుడిస దారిలో మొదటి రెండు గేర్లలో, ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ లాగే నెమ్మది గేరులో) పాకుతూ వెళ్తారు, ఇంజిన్ మీద లోడు ఎక్కువ, రేడియేటర్‌కి గాలి తక్కువ. వాగులు దాటినప్పుడు చేరిన బురద రేడియేటర్ ఫిన్నుల (సన్న రేకుల) మధ్య ఎండిపోయి ఉంటే గాలి ఇంకా తగ్గుతుంది. వెనకవైపు నుంచి, అంటే ఇంజిన్ పక్క నుంచి, తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడిగించండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ ఉందో లేదో చూడండి, రేడియేటర్ మార్చినప్పుడు దాన్ని మళ్ళీ బిగించకుండా మూలన పడేసిన షెడ్లు బోలెడు. ముందు పెద్ద బంపరు, అడ్డంగా లైట్లు పెట్టించుకుని ఉంటే అవీ అడ్డమే. ఫ్యాన్ బెల్ట్ వదులుగా ఉన్నా సరే ఇదే కథ.

ఆపగానే ఎందుకు పొంగుతుందంటే, ఇంజిన్ ఆపితే పంపూ ఫ్యానూ ఆగిపోతాయి, హెడ్‌లో ఉన్న వేడంతా అక్కడే నిలిచిన నీళ్ళలోకి దిగుతుంది. పైకి చేరాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపండి. ఇంకోటి, ముల్లు మధ్యలోనే ఉందన్న ధీమా వద్దు. లెవెల్ పడిపోయి సెన్సర్ గాల్లో ఉంటే ముల్లు తక్కువే చూపిస్తుంది, లోపల ఇంజిన్ కాలిపోతున్నా సరే.

చివరగా నింపే పద్ధతి. ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, హీటర్ లివర్ వేడి వైపు తిప్పి, మెల్లగా పోయండి. మూత తీసి ఉంచి ఐడిల్‌లో నడిపి, థర్మోస్టాట్ (వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుని లెవెల్ దిగినకొద్దీ పోస్తూ బుడగలు ఆగాక మూత పెట్టండి. బాటిల్‌లో కింది గీతకు కొంచెం పైన చాలు. పై గీత దాటి నింపేస్తే బండి బాగున్నా పొంగుతుంది.

ప్రశ్న: థర్మోస్టాట్ తీసేస్తే పొంగడం ఆగుతుందని మా ఊరి మెకానిక్ అంటున్నాడు. మాది మన్యం రోడ్లే. తీయించనా?
— ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: వద్దు. అది తెరుచుకోకుండా బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయించండి. పాతది మంచిదో కాదో ఇంట్లోనే తెలుస్తుంది, తీసి గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి కాచండి, దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. అసలు లేకుండా నడిపితే చలికాలం పొద్దున ఇంజిన్ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల కూడా పెరుగుతుంది. మన్యంలో డిసెంబర్ చలి మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: దారిలో రేడియేటర్ లీకైతే పసుపు పోయమంటారు. నిజంగా పనిచేస్తుందా?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: పనిచేస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. సన్న లీకును పట్టేస్తుంది, దాంతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలనూ హీటర్‌నూ పట్టేస్తుంది. అడవిలో ఇరుక్కుంటే ఒక చెంచా వేసి ఇంటికి చేరండి, చేరిన రెండో రోజే మొత్తం ఫ్లష్ చేయించి లీకు అతికించండి. మళ్ళీ నింపేటప్పుడు బోరు నీళ్ళు వాడొద్దు, మీ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి. రంగు చూసి రెండు రకాల కూలెంట్లు కలిపేయకండి, డబ్బా మీద రాసింది చదివి కొనండి. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. పెరట్లో పారబోయకుండా డబ్బాలో పోసి మూత బిగించి షెడ్డులో ఇవ్వండి.