గొర్రెలు ఇచ్చేముందు బాకీ సంగతి అడగండి

కనిగిరి దగ్గర మీ సొంతూళ్లో స్నేహితులంతా కలిసి సేవా సంస్థ పెట్టాలనుకుంటున్నామని, పేద కుటుంబాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలంటే కుట్టు మిషన్లు ఇవ్వాలా, గొర్రెలు ఇవ్వాలా, డబ్బే ఇవ్వాలా అని అడిగారు. నాది పామూరు వైపు. ఇలాంటి పనే చేసే ఓ చిన్న సంస్థకు కొన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అందుకని నా జవాబులో లెక్కల వాసన కాస్త ఎక్కువే ఉంటుంది.

ఏమిచ్చారన్నది రెండో సంగతి. ఇచ్చిన రోజుకీ, దాని మీద మొదటి రూపాయి చేతికొచ్చే రోజుకీ మధ్య ఆ ఇల్లు ఎట్లా గడుస్తుందన్నది మొదటిది. చాలా సంస్థలు ఇక్కడే చేతులెత్తేస్తాయి. ఫ్లెక్సీ కట్టి, ఫొటో దిగి, గొర్రె తాడు చేతికిచ్చి వెళ్లిపోతే పని అయిపోయినట్టే అనుకుంటారు.

గొర్రెల సంగతే తీసుకోండి. మన నెల్లూరు జాతి గొర్రె, అది జోడిపి అయినా పల్ల అయినా డోర అయినా, ఉన్ని ఇవ్వదు. మాంసం జాతి కాబట్టి పిల్లను అమ్మితేనే ఆదాయం. చూలు కట్టిన దగ్గర్నుంచి ఈనడానికి అయిదు నెలలు, పుట్టిన పిల్ల సంతకు పోవడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. అంటే వట్టి గొర్రెను కొనిస్తే దగ్గర దగ్గర ముప్పాతిక ఏడాది ఆ ఇంటికి దాని నుంచి పైసా రాదు, పైగా మేపే మనిషి కూలి పోతుంది. ఈ లోపల ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చిందంటే ఒక గొర్రె సంతకు పోతుంది. దాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? ఆస్తి ఉండేదే అవసరానికి అమ్ముకోవడానికి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా పక్క ఊళ్లో ఒకామె దొడ్లోకి గొర్రెలు వచ్చిన సంగతి ఊరందరితో పాటు ఆమెకు బాకీ ఇచ్చినాయనకీ తెలిసింది. అంతకుముందు నెలకోసారి అడిగే మనిషి వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ముప్పయ్యారు. ఆ లెక్కను ఏ గొర్రె అందుకోగలదు? అందుకే మా సంస్థలో ఇప్పుడు ముందు అడిగేది బాకీ ఎంత, ఎవరికి, ఎంత వడ్డీకి అని. బయటి వడ్డీ బాకీ చిన్నదైతే పెద్దమనుషుల ఎదుట అసలు కట్టేసి నోటు చింపిస్తాం. ఆ మొత్తాన్ని ఆ కుటుంబం వడ్డీ లేకుండా, నెలనెలా కొంచెంగా ఊరి నిధికి తిరిగి కడుతుంది. ఆ తర్వాతే గొర్రెలు. అవి కూడా వట్టివి కాకుండా తల్లీపిల్లా జతగానో, నిండు చూడివో కొంటాం. ధర ఎక్కువే గానీ ఎదురు చూసే నెలలు తగ్గుతాయి. మొదటి పిల్లలు అమ్ముడయ్యే దాకా పప్పు, నూనె సరుకులు కూడా మేమే చూస్తాం. బియ్యం ఎటూ కార్డు మీద వస్తాయి.

తొలకరికి ముందే, గొర్రెల్ని ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి టీకా, వేళకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు. ఇది మర్చిపోతే పైన చెప్పిందంతా వృథా. పశువుల ఆసుపత్రి వాళ్లను ముందే కలుపుకోండి.

కుట్టు మిషన్ల గురించి ఎక్కువ చెప్పను. ఒకావిడ మాటే చెబుతాను: "మిషను ఇచ్చారు సార్, కుట్టించుకునేవాళ్లను ఇయ్యలా." ఊరికి ఇద్దరు ముగ్గురికి మించి జాకెట్ల పని దొరకదు. పదిహేను మిషన్లు పంచితే ఆ ఇద్దరు ముగ్గురి గిరాకీని పదిహేను మంది చీల్చుకున్నట్టే.

డబ్బు విషయంలో మన జిల్లాల ఆడవాళ్లకు మనం నేర్పాల్సిందేమీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఆ సెగకు 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఆ జిల్లాలోనే లేచాయి. ఈ రోజు ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. కాబట్టి మీరు కొత్త సంఘం పెట్టకండి. ఉన్న సంఘంలో ఎవరు లేరో చూడండి. వాయిదా కట్టలేరని సంఘం చేర్చుకోని ఒంటరి ఆడవాళ్లు, ఏడాదిలో సగం కాలం హైదరాబాదులోనో బెంగళూరులోనో బేల్దారి పనికి పోయే కుటుంబాలు, ఊరి చివర యానాది గిరిజనుల ఇళ్లు కనిపిస్తాయి. మీరు పోవాల్సింది అక్కడికి.

యానాదుల దగ్గర గొర్రెల కంటే ముందు కాగితాల పని ఉంటుంది. ఆధార్ లేదు, దాంతో రేషన్ కార్డు లేదు, కుల ధ్రువీకరణ లేదు, పిల్లల బడి దగ్గర ఇబ్బంది. మాతో తిరిగే కుర్రాడొకడు ఈ పని మీదే ఉంటాడు. చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది, దాతలకు చూపించడానికి ఒక్క ఫొటో కూడా రాదు. నన్నడిగితే మా ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చింది అతని బస్సు చార్జీలే. తీరం వైపు రొయ్యల గుంటల కాపలాకో, తోట పనికో అడ్వాన్సు తీసుకుని కదల్లేక ఉండిపోయిన కుటుంబం కనబడితే మాత్రం ఆ బాకీ మీరు తీర్చకండి. అది వెట్టి అని తేలితే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆ అప్పే చెల్లదు. ఆర్డీవో దగ్గరికో కలెక్టర్ దగ్గరికో వెళ్లండి, విడుదల పత్రం ఇప్పించండి.

రిజిస్ట్రేషన్ గురించి కూడా అడిగారు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సరిపోతుంది. అమెరికాలో ఉన్న మీ బ్యాచ్ వాళ్లు పంపుతామన్నారు కదా. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, దానికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. కొత్త సంస్థకు మూడేళ్లు నిండందే విదేశీ విరాళాలు తీసుకునే మామూలు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. అందుకని మొదట్లో ఎవరి పాస్‌పోర్టు ఏదో అడిగి తెలుసుకున్నాకే ఖాతా నంబరు పంపండి.