స్కీ నేర్చుకోవడానికి కొలరాడో దాకా ఎందుకు? ఊరి గుట్ట చాలు

ప్రశ్న: మేము న్యూ హ్యాంప్‌షైర్‌లోని నాషువాలో ఉంటాం. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులమే, ఇద్దరిదీ హెచ్‌1బీ వీసా. పాప నాలుగో తరగతి, బాబుకు ఆరేళ్లు. ఫిబ్రవరి సెలవుల్లో మా స్నేహితుల కుటుంబాలు నాలుగు కలిసి కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కు స్కీ ట్రిప్ వేస్తున్నాయి. విమానం, కాండో, అద్దె కారు, కొండ పైకి చేర్చే లిఫ్టులకు టికెట్లు, స్కీల అద్దె, తిండి అన్నీ కలిపి మా వాటా 7,500 డాలర్లు తేలింది. చేతిలో అంత లేదు. క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలకు 400 చొప్పున తీర్చేద్దామని నా ఆలోచన. మా ఆవిడ వద్దంటోంది. కానీ స్కూల్లో చలికాలమంతా పిల్లలు స్కీయింగ్ కబుర్లే చెప్పుకుంటారు, మా పాప చిన్నబుచ్చుకుంటోంది. మాలో ఎవరికీ స్కీ రాదు. ఎమర్జెన్సీ ఫండ్ రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: పాపకు స్కీ నేర్పించండి. ఈ చలికాలమే నేర్పించండి. బ్రెకెన్‌రిడ్జ్ మాత్రం ఈ ఏడాదికి వద్దు. పాప కోరిక స్కీ నేర్చుకోవడం. 7,500 డాలర్లు పెట్టి మీరు కొంటున్నది ప్రయాణం.

మీ లెక్కలో పాఠాల ఖర్చు కనిపించలేదు. నలుగురికీ స్కీ రానప్పుడు అది లేకుండా కుదరదు. పెద్ద రిసార్టుల్లో సెలవుల వారంలో పిల్లల గ్రూప్ క్లాసుకు రోజుకు తలకు 200 డాలర్ల పైమాటే. ఇద్దరు పిల్లలకు మూడు రోజులు వేసుకున్నా మీ 7,500 దాదాపు 9,000 అవుతుంది. పైగా బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది. సముద్రమట్టానికి దగ్గర్లో ఉండే మనలాంటి వాళ్లకు అక్కడ దిగిన మొదటి రోజు తలనొప్పి, ఆయాసం మామూలే. ఉన్న నాలుగు రోజుల్లో ఒకటి దానికే పోవచ్చు.

ఇక కార్డు సంగతి. వడ్డీ 22 శాతం అనుకుంటే 7,500 అప్పు నెలకు 400 చొప్పున తీరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. అప్పటికి మీరు కట్టే వడ్డీ సుమారు 1,800 డాలర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మీ ఆవిడ వద్దనడానికి నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో ఉండే గడువు 60 రోజులు. మీ ఇంట్లో రెండు జీతాలూ ఆ గడువు కిందే ఉన్నాయి. అలాంటప్పుడు రెండు నెలల ఫండ్ పెట్టుకుని కొత్త అప్పు తలకెత్తుకుంటే రాత్రి నిద్ర పట్టదు. ఆవిడ మాట వినండి.

అలాగని పాపను ఇంట్లో కూర్చోబెట్టమనడం లేదు. న్యూ ఇంగ్లండ్‌లో ఉండి స్కీ కోసం విమానం ఎక్కాలనుకోవడమే నాకు బాధగా ఉంది. మీకు అరగంట దూరంలో మాంచెస్టర్‌లో మెకిన్‌టైర్ అనే స్కీ గుట్ట ఉంది. స్థలం నగరపాలక సంస్థది. ఎత్తు 200 అడుగులు కూడా ఉండదు. కృత్రిమ మంచు కొడతారు, రాత్రిపూట లైట్లు వేస్తారు, అంటే ఆఫీసు అయ్యాక కూడా వెళ్లొచ్చు. స్కీ అసలు రానివాళ్లకు అంతకు మించిన ఎత్తు అవసరం లేదు. ఈత నేర్చుకోవడానికి సముద్రం దాకా పోయేవాళ్లు ఎవరుంటారు?

ఇలాంటి గుట్టలు ఒకప్పుడు దేశమంతటా ఉండేవి. 1934 జనవరిలో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్‌లో ఒక రైతు పొలంలో ఫోర్డ్ మోడల్-టీ కారు ఇంజిన్‌కు తాడు కట్టి తిప్పారు. ఆ తాడు పట్టుకుంటే అదే స్కీ చేసేవాళ్లను పైకి లాగేది. అమెరికాలో మొదటి రోప్ టో అదే. ఆ తర్వాత పాత ఇంజినూ, పొడవాటి తాడూ దొరికిన ప్రతి ఊరూ ఒక స్కీ గుట్ట పెట్టుకుంది. 1980ల మొదట్లో దేశంలో 735 స్కీ ఏరియాలు నడిచేవి. ఇప్పుడు 500 కూడా లేవు. ఇన్సూరెన్స్ ఖర్చులు, వెచ్చబడుతున్న చలికాలాలు, పెద్ద రిసార్టుల పోటీ కలిసి చిన్నవాటిని మింగేశాయి. మిగిలినవి చాలావరకు ఊరివాళ్ల పట్టుదల వల్లే మిగిలాయి.

మీకు గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్న అస్కట్నీ కథ చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా డబ్బు కథే. వెర్మాంట్‌లోని వెస్ట్ విండ్సర్ అనే చిన్న ఊళ్లో అస్కట్నీ కొండ మీద ఒక రిసార్టు ఉండేది. పెద్దవాటితో పోటీపడాలని హోటలూ, కాండోలూ, హైస్పీడ్ చైర్‌లిఫ్టూ పెట్టుకుంది. ఆ బరువు మోయలేక 2010లో మూతపడింది. ఆ చైర్‌లిఫ్టును విప్పి, 2012లో మీ దగ్గర్లోని క్రాచెడ్ మౌంటెన్‌లో బిగించారు. మీరు క్రాచెడ్‌లో హైస్పీడ్ లిఫ్ట్ ఎక్కితే అది ఇదే. రిసార్టు పోయాక ఊళ్లో ఇళ్ల ధరలు పడ్డాయి, ఉన్న ఒక్క కొట్టూ మూసేశారు. అప్పుడు ఊరివాళ్లు ఓటు వేసి, ఒక భూసంరక్షణ సంస్థ సాయంతో కొండను ఊరి పేర కొనుక్కున్నారు. లాభాపేక్ష లేని సంఘం పెట్టుకుని కింది భాగంలో ముందు రోప్ టో, తర్వాత టీ-బార్ (నడుముకు ఆనించుకుంటే పైకి లాగే కడ్డీ) నడపడం మొదలుపెట్టారు. పని చేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. కాండోలు అమ్మాలన్న ఒత్తిడి లేదు, కోట్ల డాలర్ల లిఫ్టు అప్పు లేదు. అందుకే టికెట్ చౌక. నాసిరకం కాబట్టి చౌక అనుకోకండి.

అలా అనుకునేవాళ్లకు నేను చూపించేది రిచ్‌మండ్‌లోని కాక్రన్స్. అదీ వెర్మాంట్‌లోనే. 1961లో కాక్రన్ దంపతులు తమ ఇంటి వెనక వాలులో పిల్లల కోసం ఒక రోప్ టో పెట్టారు. ఆ పిల్లల్లో ఒకరైన బార్బరా ఆన్ 1972 సపోరో ఒలింపిక్స్‌లో స్లాలమ్ అనే స్కీ పందెంలో స్వర్ణం గెలిచారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 2022 బీజింగ్‌లో ఆమె కొడుకు ర్యాన్ సూపర్-జీ అనే మరో స్కీ పందెంలో రజతం తెచ్చారు. ఇప్పుడది లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది, ఊళ్లో పిల్లలందరూ అక్కడే నేర్చుకుంటారు. చిన్న గుట్ట బలం ఏమిటంటే, దిగడానికి ఒక నిమిషం, మళ్లీ ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు. గంటలో పదిసార్లు దిగొచ్చు. పెద్ద కొండ మీద ఆ గంటలో సగం లిఫ్టు క్యూలో, కుర్చీలో గడిచిపోతుంది. నేర్చుకునే పిల్లలకు కావాల్సింది ఎక్కువసార్లు దిగడమే.

డబ్బు సలహాలు ఇచ్చేవాడిగా నాకు చిన్న గుట్ట నచ్చడానికి అసలు కారణం వేరే ఉంది. పెద్ద రిసార్టులో కౌంటర్ దగ్గర కొనే రోజు టికెట్ ధర చూడండి. కొలరాడోలోని వేల్ రిసార్టులో రద్దీ రోజుల్లో అది 300 డాలర్లు దాటింది. అంత పెట్టి కొన్నాక మధ్యాహ్నం ఒంటిగంటకు బాబు బూట్లు నొక్కుతున్నాయని ఏడిస్తే మీరేం చేస్తారు? "ఇంత డబ్బు పోశాం, నాలుగు దాకా ఉండాల్సిందే" అంటారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఇది ఎన్నోసార్లు విన్నాను. ఆ పిల్లాడు మళ్లీ స్కీ పేరెత్తడు. చౌక టికెట్ అయితే వేళ్లు గడ్డకట్టగానే లోపలికి వెళ్లి వేడి చాక్లెట్ తాగి, ఇంటికి వచ్చేయొచ్చు. వచ్చే శనివారం వాడే అడుగుతాడు "మళ్లీ ఎప్పుడు?" అని. మధ్యలో లేచి వచ్చేయగల స్వేచ్ఛ కూడా ఆ టికెట్‌తో పాటే వస్తుంది.

తిండి దగ్గరా అంతే. చిన్న గుట్టల్లో చాలావరకు ఇంటి నుంచి తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. లాడ్జిలో పొడవాటి బల్లల మీద పొద్దున్నే జనం స్లో కుక్కర్లు ప్లగ్‌లో పెట్టేసి స్కీకి వెళ్తారు. మీరు హాట్‌ప్యాక్‌లో పులిహోర పెట్టుకెళ్లండి, పక్క బల్లవాళ్లు రుచి అడుగుతారు. పెద్ద చోట నలుగురు బర్గర్లు తింటే వంద డాలర్లకు దగ్గర పడుతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. ఇవి నా అంచనాలు, చోటును బట్టి అటూ ఇటూ అవుతాయి. పిల్లలిద్దరికీ స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి లోకల్ షాపులో అద్దెకు తీసుకుంటే 300 నుంచి 400. ఐదారు వారాల పాఠాల ప్రోగ్రామ్ ఇద్దరికీ కలిపి 500 దాకా. మీరిద్దరూ కొన్నిసార్లు రోజు అద్దెతో, టికెట్‌తో, ఒకటి రెండు పాఠాలతో కానిస్తే 500. బట్టలు, హెల్మెట్లు, పెట్రోలు, చిల్లర ఖర్చులకు మరో 400. మొత్తం 1,800 డాలర్ల లోపే. అంటే కొలరాడో ట్రిప్ మీద మీరు కట్టబోయిన వడ్డీతోనే ఇక్కడ నలుగురికీ ఒక చలికాలమంతా గడిచిపోతుంది.

మీరు ఉత్తరం రాసింది సెప్టెంబర్‌లో కాబట్టి టైం ఉంది. కార్డుకు కడదామనుకున్న ఆ 400ను ఈ నెల నుంచి డిసెంబర్ దాకా విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. 1,600 అవుతుంది. మిగతాది జనవరి జీతంలోంచి తీస్తే కొత్త అప్పు లేకుండా సీజన్ నడుస్తుంది. ఆ తర్వాత ప్రతి నెలా 150 స్కీ ఖాతాకు, 250 ఎమర్జెన్సీ ఫండ్‌కు వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టేయండి. ఏడాదికి 1,800 స్కీకి, 3,000 ఫండ్‌కు.

పాప నాలుగో తరగతి అని రాశారు, అది మీ అదృష్టం. న్యూ హ్యాంప్‌షైర్ స్కీ సంఘం నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఒక పాస్‌పోర్ట్ ఇస్తుంది. చిన్న ఫీజు కడితే, పథకంలో ఉన్న ఒక్కో స్కీ ఏరియాలో ఒక్కో టికెట్ వస్తుంది. సెలవు వారాల్లో కొన్నిచోట్ల చెల్లదు, తేదీలు చూసుకోండి. వచ్చే ఏడాది కూడా పాపకు అర్హత ఉంటుంది.

సామాన్ల విషయంలో ఒక్క మాట. అక్టోబర్, నవంబర్‌లలో స్కీ క్లబ్బులు పాత సామాన్ల అమ్మకాలు పెడతాయి. జాకెట్లు, మంచు ప్యాంట్లు అక్కడ కొనండి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, దెబ్బ తగిలిన పాత హెల్మెట్‌ను పైకి చూసి పోల్చుకోలేం. రోప్ టో ఉన్న చోటికి వెళ్తే హార్డ్‌వేర్ షాపులో దొరికే తోలు గ్లౌజులు వేయించండి. ఆ తాడు ఆగకుండా తిరుగుతుంటుంది, ఒక్కసారిగా బిగించి పట్టుకుంటే ముందుకు లాగి పడేస్తుంది. వేళ్లు వదులుగా పెట్టి, తాడును అరచేతిలో జారనిస్తూ మెల్లగా బిగించాలి. ఆ రాపిడికి ఖరీదైన గ్లౌజులు ఒక్క సీజన్‌లో చిరుగుతాయి.

చిన్న గుట్టలతో ఒక చిక్కు ఉంది, దాచను. కొన్నిటికి కృత్రిమ మంచు ఏర్పాటు లేదు. వెర్మాంట్‌లోని ఈస్ట్ కోరింత్‌లో 1936 నుంచి వాలంటీర్లు నడుపుతున్న నార్త్ఈస్ట్ స్లోప్స్ పూర్తిగా ఆకాశం మీదే ఆధారపడుతుంది. మంచు పడని ఏడాది తెరిచే రోజులు తక్కువ. అలాంటి చోట సీజన్ పాస్ కొనకండి, మంచు పడ్డాక వెళ్లి రోజు టికెట్ తీసుకోండి. పాఠాలకు మాత్రం మంచు కొట్టే మెకిన్‌టైర్ లాంటిదే ఎంచుకోండి. ఏదైనా గుట్ట నచ్చి విరాళం ఇవ్వాలనిపిస్తే, అది లాభాపేక్ష లేని సంస్థ అయితే రసీదు దాచుకోండి. 2026 పన్ను సంవత్సరం నుంచి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపకుండా అందరికీ ఇచ్చే తగ్గింపు) తీసుకునే దంపతులకు కూడా 2,000 డాలర్ల దాకా నగదు విరాళాలకు మినహాయింపు ఉంది. పాస్ కోసం కట్టిన డబ్బు అందులోకి రాదు.

మొదటి పాఠానికి ముందు మీ హెల్త్ ఇన్సూరెన్స్ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మీరు జేబులోంచి పెట్టాల్సిన మొత్తం, ఎంతో చూడండి. పిల్లలు పడితే లేచి దులుపుకుంటారు, నలభైకి దగ్గరైన మోకాళ్లు అలా కావు. హై డిడక్టిబుల్ ప్లాన్ అయితే ఆ మొత్తం హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో) ఉండేలా చూసుకోండి.

స్నేహితులకు "ఈసారి మేం రావడం లేదు, పిల్లలు ఇక్కడే నేర్చుకుంటున్నారు" అని చెప్పండి. నలుగురితో నారాయణ అనడం మంచిదే కానీ అప్పు తీర్చేటప్పుడు ఆ నలుగురూ ఉండరు. వాళ్లను ఒక శనివారం మెకిన్‌టైర్‌కు పిలవండి, అందులో ఒకరిద్దరైనా వస్తారని నా నమ్మకం.

బ్రెకెన్‌రిడ్జ్ ఎక్కడికీ పోదు. పిల్లలిద్దరూ బ్లూ రన్లు, అంటే మధ్యరకం వాలులు, భయం లేకుండా దిగే రోజు వస్తే అప్పుడు ఆ కొండకు పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది. ఆ ఏడాది పాస్‌లు వసంతంలోనే కొనండి, ధర అప్పుడే తక్కువ, చలికాలం దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. ఒకవేళ అప్పటికి ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలల ఖర్చులకు చేరకపోతే ఇంకో ఏడాది ఆగండి.