చిన్న ఆయుర్వేద యూనిట్‌కు టాబ్లెట్ మిషన్ కొనేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు ఏమిటి? పాత మిషన్ కొనవచ్చా?

ఇంతకాలం చూర్ణాలు అమ్మిన మీ సంస్థ ఇప్పుడు మాత్రల తయారీకి దిగుతోందనీ, తెప్పించిన కొటేషన్లలో ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదనీ, పాత మిషన్ తీసుకోవచ్చో లేదో తెలియడం లేదనీ రాశారు. హైదరాబాద్ చుట్టుపక్కల చిన్న ఆయుర్వేద, ఫుడ్ సప్లిమెంట్ యూనిట్లలో కంప్రెషన్ (మాత్రలు నొక్కే) విభాగం చూసుకున్నవాడిగా, కొనుగోళ్లకు యజమానుల వెంట వెళ్లినవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. చాలామంది ముందు ధర, తరువాత స్టేషన్ల సంఖ్య (ఒక్క చుట్టులో మాత్రలు నొక్కే అచ్చులెన్ని అన్నది) చూసి, మిషన్ షెడ్డులోకి దిగాక గాని తమ గ్రాన్యూల్స్ (మాత్రగా నొక్కడానికి పొడిని రవ్వలా చేసుకున్నది) సంగతి ఆలోచించరు. అసలు ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. గ్రాన్యూల్స్ తేలిన తరువాతే మిషన్ ఎంచుకోవాలి.

మూలికల పొడి బరువు తక్కువగా, పొంగుగా ఉంటుంది. 100 మి.లీ. కొలజాడీలో మీ గ్రాన్యూల్స్ పోసి తూచి చూడండి. 40 గ్రాములు తూగాయనుకుందాం. అప్పుడు 1 గ్రాము మాత్రకు రెండున్నర మి.లీ. గ్రాన్యూల్స్ డైలోకి (మాత్రకు ఆకారమిచ్చే అచ్చులోకి) దిగాలి. 12 మి.మీ. వ్యాసం ఉన్న డైలో అంత పట్టాలంటే 22 మి.మీ. లోతు కావాలి. మామూలు రోటరీ మిషన్లు చాలావాటిలో ఫిల్ డెప్త్ (డైలో పొడి నిండే లోతు) 17, 18 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ మిషన్ ఎంత మంచిదైనా, ఎంత ఖరీదైనా మీ మాత్ర దానిలో తయారు కాదు. అప్పుడు 16 మి.మీ. డైకి మారాలి, లేదా గ్రాన్యూల్స్‌ను ఇంకా సాంద్రంగా తయారు చేసుకోవాలి, లేదా 500 మి.గ్రా. మాత్రలు రెండు వేసుకొమ్మని లేబుల్ మీద రాసుకోవాలి. 500 మి.గ్రా. మాత్రకైతే అదే 12 మి.మీ. డైలో 11 మి.మీ. లోతు సరిపోతుంది. ఈ చిన్న లెక్క కొటేషన్ అడగడానికి ముందే వేసుకోవాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు మీరు అడిగిన మోడల్‌కు ధర చెబుతారే తప్ప మీ పొడి దానిలో పడుతుందో లేదో అడగరు.

కొటేషన్ల మధ్య తేడాకు పెద్ద కారణం టూలింగ్, అంటే పొడిని నొక్కే పంచ్‌లు, డైల రకం. బి టూలింగ్ పంచ్ కాండం వ్యాసం 19 మి.మీ., డి టూలింగ్‌ది 25.4 మి.మీ. బి రకంలో మాత్ర వ్యాసం 16 మి.మీ. వరకు, డి రకంలో 25 మి.మీ. వరకు వెళ్లవచ్చు. తక్కువ ధర చెప్పిన కొటేషన్‌లో బీబీ టూలింగ్ ఉండడం నేను తరచుగా చూశాను. దాని పంచ్ బి లాంటిదే, డై మాత్రం 24 మి.మీ.ల చిన్నది కాబట్టి 13 మి.మీ. దాటిన గుండ్రని మాత్ర చేయడం కష్టం. పైగా చాలా కొటేషన్లలో పంచ్‌లు, డైలు ధరలో కలిసి ఉండవు. 16 స్టేషన్ల మిషన్‌కు ఒక్కో సైజుకు పై పంచ్‌లు 16, కింది పంచ్‌లు 16, డైలు 16 కావాలి, సైజు మారితే మరో సెట్టు కొనాలి. మూలికల పొడిలో పీచూ, సన్నటి ఇసుకా ఉండి పంచ్ కొనలను త్వరగా అరగదీస్తాయి కాబట్టి హెచ్‌సీహెచ్‌సీ (కార్బన్, క్రోమియం ఎక్కువగా ఉండే) స్టీల్ పంచ్‌లు అడగండి. పంచ్‌లు టీఎస్ఎం (అమెరికా) ప్రమాణంలో ఉన్నాయో, ఈయూ (యూరప్) ప్రమాణంలో ఉన్నాయో ఆర్డర్‌లో రాయించుకోకపోతే తరువాత వేరేచోట చేయించిన పంచ్‌లు మిషన్‌లో సరిగా కూర్చోవు.

ఉత్పత్తి సామర్థ్యం విషయంలో అవసరానికి మించి కొనడమే ఎక్కువగా జరుగుతుంది. స్టేషన్ల సంఖ్యను టరెట్ (పంచ్‌లు, డైలు అమరి ఉండే తిరిగే చక్రం) వేగంతోనూ, 60తోనూ గుణిస్తే గంటకు వచ్చే మాత్రల సంఖ్య తెలుస్తుంది. 16 స్టేషన్ల మిషన్‌ను నిమిషానికి 30 చుట్లు తిప్పితే గంటకు 28,800 మాత్రలు. నెలకు 60 మాత్రల డబ్బాలు పదివేలు అమ్మగలమనుకున్నా కావలసినవి 6 లక్షల మాత్రలే, అంటే 21 గంటల పని. మూలికల గ్రాన్యూల్స్ సరిగా జారవు కాబట్టి వేగం సగానికి తగ్గించినా వారం రోజుల్లోపే పూర్తవుతుంది. అలాంటప్పుడు 27 స్టేషన్ల మిషన్‌కు పెట్టే అదనపు డబ్బును గ్రాన్యులేషన్ విభాగానికి మళ్లించడం నా దృష్టిలో తెలివైన పని. మిక్సర్, డ్రయ్యర్, మల్టీ మిల్, జల్లెడ, డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్, వర్షాకాలానికి డీహ్యూమిడిఫయర్, ఇవేవీ మిషన్ కొటేషన్‌లో కనబడవు, కానీ మాత్ర నిలబడేది వీటివల్లే. త్రిఫల గ్రాన్యూల్స్ ఎక్కువ ఆరిపోతే మాత్ర పైభాగం టోపీలా ఊడి వస్తుంది (దీన్నే క్యాపింగ్ అంటారు); గుగ్గులు కలిసినవి తేమ పీలిస్తే పంచ్ ముఖానికి అంటుకొని, మాత్ర మీద మీ సంస్థ గుర్తు ఉండవలసిన చోట గుంటలు పడతాయి. యజమాని వెంటనే మిషన్‌ను తప్పుపడతాడు, మెకానిక్ ప్రెషర్ పెంచుతాడు, దానితో క్యాపింగ్ ఇంకా ఎక్కువవుతుంది.

కొత్త మిషన్ తీసుకుంటే చాలావరకు అహ్మదాబాద్ నుంచే వస్తుంది. ఆర్డర్‌తో అడ్వాన్స్, లోడింగ్‌కు ముందు మిగిలినదంతా చెల్లించాలని అడగడం అక్కడి పద్ధతి. మిగిలినది చెల్లించే ముందు మీ సొంత గ్రాన్యూల్స్ పాతిక కిలోలు తీసుకెళ్లి, కనీసం ఒక గంటైనా ఆపకుండా నడిపించి చూడడం మీ హక్కని ఆర్డర్‌లోనే రాయించుకోండి. తయారీదారు తన దగ్గరున్న డమ్మీ గ్రాన్యూల్స్‌తో చూపిస్తే ఏ మిషన్ అయినా నున్నటి మాత్రలే ఇస్తుంది. నడుస్తున్నప్పుడు పది నిమిషాలకోసారి 20 మాత్రలు తీసి విడివిడిగా తూచండి. ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం 250 మి.గ్రా. దాటిన మాత్రలకు సగటు బరువు నుంచి 5 శాతం తేడా వరకు చెల్లుతుంది, 20లో రెండింటికి మించి ఆ హద్దు దాటకూడదు. ఫ్రయబిలిటీ (దొర్లించినప్పుడు మాత్ర రాలి కోల్పోయే బరువు) 1 శాతం లోపు ఉండాలి. ఆ తరువాత గంటలో వచ్చిన మాత్రలను తెల్లకాగితం మీద పోసి, వెలుతురులో తిప్పుతూ చూడండి. ఒక యూనిట్‌లో కొత్త మిషన్ మొదటి వారంలోనే మాత్రల అంచుల దగ్గర ఆవగింజంత నల్లచుక్కలు కనిపించాయి. పై పంచ్‌లకు పూసిన నూనె, లోహపు పొడితో కలిసి కిందికి కారడమే కారణం. పంచ్‌లకు డస్ట్ కప్పులు అమర్చాక గాని ఆ చుక్కలు ఆగలేదు, అంతవరకు తయారైన సరుకంతా పారబోయాల్సి వచ్చింది.

పాత మిషన్ కొనవచ్చు, కానీ రంగు చూసి మోసపోవద్దు. జీడిమెట్ల, బాలానగర్ ప్రాంతాల్లో పాతవి దొరుకుతాయి. కొత్తగా రంగు కొట్టి, గార్డులకు పాలిష్ పెట్టి చూపిస్తారు, అరిగేది మాత్రం లోపలి టరెట్. ఒక కొత్త పంచ్‌ను, అతి చిన్న కదలికను కొలిచే డయల్ గేజ్‌ను వెంట తీసుకెళ్లి, టరెట్‌లోని ప్రతి రంధ్రంలో ఆ పంచ్ పెట్టి పక్కకు ఊపి చూడండి. కొన్ని రంధ్రాల్లో గట్టిగా, కొన్నింటిలో వదులుగా ఉంటే ఆ మిషన్‌ను వదిలేయడమే మంచిది, ఎందుకంటే పంచ్ కొన డై అంచుకు రాసుకుంటుంది, మాత్ర చుట్టూ పదునైన అంచు లేస్తుంది. టరెట్ మార్చాలంటే మీరు మిగుల్చుకున్నదంతా దానికే పోతుంది. క్యామ్ ట్రాకుల్లో (పంచ్‌లను పైకీ కిందికీ నడిపే దారుల్లో) గాడి పడిందా, డై టేబుల్ మీద గీతలున్నాయా, డై స్క్రూలు పట్టు ఇస్తున్నాయా అన్నవీ చూడాలి. మిషన్‌తోపాటు ఉచితంగా ఇస్తామనే పంచ్‌ల పొడవులను కొలిపించండి. వాటి మధ్య 0.05 మి.మీ. మించి తేడా ఉంటే మాత్రల మందం, గట్టిదనం ఒక్కో స్టేషన్‌కు ఒక్కోలా వస్తాయి.

డబ్బు వైపు నుంచి రెండు విషయాలు చెప్పాలి. మిషన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ మొత్తానికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్ను సర్దుబాటు) రాదు కాబట్టి ముందే ఆడిటర్‌తో మాట్లాడండి. పాత మిషన్లకు బ్యాంకులు రుణం ఇవ్వడానికి వెనకాడతాయి. అందువల్ల చౌకగా కనిపించే పాతదానికి మొత్తం చేతి నుంచి పెట్టాల్సి రావచ్చు.

లైసెన్స్ విషయంలో, ఆయుర్వేదానికి షెడ్యూల్ టి (ఆయుర్వేద మందుల తయారీ నిబంధనలు) వర్తిస్తుంది. మాత్రలకు తాకే భాగాలు ఎస్ఎస్ 316 స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ఉన్న జీఎంపీ (మంచి తయారీ పద్ధతులకు తగిన) మోడల్ తీసుకుంటే తనిఖీల్లో ఇబ్బంది ఉండదు. ముందుముందు అల్లోపతి ఉత్పత్తుల ఆలోచన ఉంటే 2023 డిసెంబర్ 28న సవరించిన షెడ్యూల్ ఎం కింద మిషన్ క్వాలిఫికేషన్ పత్రాలు (మిషన్ సరిగా అమరి పనిచేస్తోందని చూపే రుజువులు) అడుగుతారు, అవి పాత మిషన్‌తో సాధారణంగా రావు.

మీ మాత్ర బరువు ఎంత, గ్రాన్యూల్స్ 100 మి.లీ.కి ఎంత తూగుతున్నాయి, గుగ్గులు లేదా పంచదార కలుస్తోందా అన్నవి రాస్తే, డై సైజు, టూలింగ్ రకం ఏది సరిపోతుందో లెక్క వేసి చెబుతాను. ఆ లెక్క తేలే వరకు ఎవరికీ అడ్వాన్స్ పంపకండి.